నాలుగు పొలాలు తిరిగిన గుడిసె

ఆగస్టు 14, 1934

కమిటీ పెద్దలు ఇవాళ ప్రెస్సుకొచ్చారు. అక్టోబరులో 'మళ్ళీ తూరబిల్‌కి' వారోత్సవాలట. ఊరొదిలి పోయినవాళ్ళంతా రైలెక్కి వస్తారు, వారం పాటు టీలు తాగుతారు, హాల్లో డాన్సు చేస్తారు, ఇంత మంచి ఊరు ఎక్కడుందని కళ్ళొత్తుకుంటారు, తిరుగు రైలెక్కుతారు. అంత మంచి ఊరైతే ఎందుకు పోయినట్టో! ఆ మాట పైకే అనేశాను. టక్వెల్ గారు బల్ల కింద నా కాలు తొక్కారు. ఈ ప్రెస్సూ, ఇందులో అచ్చయ్యే వారపత్రికా, అక్షరాలు పేర్చే నేనూ ఆయన సొత్తే.

ఊరికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి గనక ఊరి చరిత్ర పుస్తకంగా వెయ్యాలట. "వివరాలు పోగుచేసే పని మన డల్సీకిద్దాం. చదివే పిల్ల," అన్నాడు కమిటీ అధ్యక్షుడు ఫాల్కనర్. గొర్రెల ఎస్టేటు దొర. ఊరికి మూడు దిక్కులా ఉన్న కంచె ఆయనదే. నేను చదివేదేమిటో తెలిస్తే ఆ పని నాకిచ్చేవాడు కాదు. పిండి డబ్బా వెనక ముప్ఫై ఏడు కరపత్రాలున్నాయి నా దగ్గర. దొరల చరిత్ర దొరలు రాసుకున్నారు, కష్టజీవుల చరిత్ర ఇంకా ఎవరూ రాయలేదు అని వాటిల్లో ఉంది.

నేను రాస్తాను.

ఆగస్టు 19

ఊళ్ళో తొలి గుడిసె కొలతలు రాసుకోవడానికి వెళ్ళాను. హాలు పక్కన రేకుల కప్పేసి దాన్ని దేవుడి పెట్టెలా కాపాడుతున్నారు. ఉత్సవాల్లో దాని గోడకి ఇత్తడి ఫలకం బిగిస్తారు. 'ఈ అడవిని ఊరు చేసిన నలుగురు వీరులు' అని నాలుగు పేర్లు.

గుడిసె రెండు లావాటి దుంగల మీద ఉంటుంది. చెదలు పట్టకుండా ఎత్తులో కట్టారని బళ్ళో మాకు చెప్పేవారు. ఇవాళ కిందకి దూరి చూశాను. దుంగల అడుగుభాగం అరిగిపోయి నున్నగా అద్దంలా ఉంది. ఒక దుంగ కొస పడవ ముక్కులా పైకి చెక్కి ఉంది, దానికో బెజ్జం, బెజ్జం చుట్టూ గొలుసు ఒరిసిన గాడి. రెండో దానికి ముక్కు లేదు. గొడ్డలితో నరికినట్టుంది.

చెదల కోసం వేసిన దుంగకి ముక్కెందుకు? గొలుసెందుకు?

ఆగస్టు 20

నాన్నని అడిగాను. "గుడిసెల కింద దూరడానికా నిన్ను ప్రెస్సులో పెట్టింది?" అన్నాడు. రోజంతా రైలు పట్టాల మీద సమ్మెట కొట్టి వచ్చిన మనిషితో ఏం మాట్లాడతాం.

ఆగస్టు 26

గెరటీ మామ్మ దగ్గరికి వెళ్ళాను. ఫలకం మీదెక్కే నలుగురిలో మాట్ గెరటీ ఒకడు. ఆయన పోయి పదకొండేళ్ళు. ఇద్దరు కొడుకుల పేర్లూ యుద్ధంలో పోయినవాళ్ళ స్తంభం మీదున్నాయి. మామ్మ ఒక్కతే నీటిగుంట పక్కన ఏడు ఆవులతో ఉంటుంది. ఊళ్ళో పాలు ఆమెవే. మేం ట్యాంకుల్లో నింపుకునే నీళ్ళు కూడా ఆమె గుంటవే, ఎప్పుడూ ఎవర్నీ వద్దనలేదు.

"దుంగల సంగతి నీకెవరు చెప్పారే?" అంది.

"ఎవరూ చెప్పలేదు మామ్మా. కిందకి దూరి చూశాను."

"యాభై ఏళ్ళలో దాని కిందకి దూరింది కోళ్ళు, ఆ తర్వాత నువ్వు," అని పడిపడి నవ్వింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చి కూచుంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెద్ద ఫాల్కనర్, ఇప్పటాయన తండ్రి, ఆయనకి ఈ నీటిగుంట కావాలి. చట్టమేమో పెద్ద దొరలకి కాదు, చేతులతో చేసుకునే వాడికే ఇస్తానంది. అందులో ఇల్లు కట్టుకుని కాపురముంటేనే పట్టా. మాట్‌తో కలిపి నలుగురు, ఆయన షెడ్డులో గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు. గుంట చుట్టూ నాలుగు పొలాలు నలుగురి పేర్న పెట్టించాడు. పట్టా చేతికి రాగానే తనకి రాసిచ్చెయ్యాలని ఒప్పందం. నలుగురికీ కలిపి ఇల్లు మాత్రం ఒక్కటే కట్టించాడు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. ల్యాండ్ ఇన్‌స్పెక్టరు మా పొలానికొచ్చి, గుడిసెలో టీ తాగి, రాసుకుని గుర్రమెక్కేవాడు. ఆయన గుంట చుట్టూ తిరిగి రెండో పొలం చేరేలోగా పన్నెండు ఎద్దుల్ని పూన్చి గుడిసెని అడ్డంగా ఈడ్చేసేవాళ్ళు. నేను లోపల గిన్నెలు పట్టుకు కూచునేదాన్ని. అక్కడ రెండో పొలం టామ్ షీహీ గుమ్మంలో నుంచుని, రండి బాబూ, మా ఇంట టీ తాగండి అనేవాడు. అదే కెటిలు. అదే టీ. ఇంకా వేడిగానే ఉండేది."

"ఆయన కనిపెట్టలేదా మామ్మా?"

"నాలుగిళ్ళలోనూ ఒకే పిల్లి వచ్చి ఒళ్ళో కూచుంటే గుడ్డివాడైనా కనిపెడతాడు. ముందురోజు పెద్ద ఫాల్కనర్ బల్ల దగ్గర తిన్నది అరగాలిగా ఆయనకి."

అలా రెండేళ్ళు ఆ గుడిసె తిరుగుతూనే ఉంది. ఎనభయ్యారు ఏప్రిల్లో, గుడిసె వీళ్ళ పొలంలో ఉండగా మామ్మకి నొప్పులొచ్చాయి. అదే రోజు ఇన్‌స్పెక్టరొచ్చాడు, ఎద్దులొచ్చాయి.

"మాట్‌ని పిలిచి, ఇది ఇంకొక్క అడుగు కదిలిందో, కడుపులో బిడ్డతో సహా బయటికి దూకేస్తానన్నాను. గొడ్డలి తీసుకెళ్ళి దుంగ ముక్కు నరికేశాడు. రెండో బెజ్జంలోంచీ గొలుసు జారిపోయి, ఎద్దులు ఉత్త గొలుసు ఈడ్చుకుంటూ పోయాయి. ఇన్‌స్పెక్టరు మూడో పొలానికెళ్ళి, ఇల్లు కనపడక, గుర్రం మీదే కూచుని పైపు కాల్చుకున్నాట్ట."

పెద్ద ఫాల్కనర్ వచ్చి కొరడాతో గుమ్మాన్ని కొట్టాడు. కోర్టుకెక్కితే ముందు తనే బయటపడతాడు గనక ఎక్కలేదు. మిగతా ముగ్గురూ పొలాలు ఆయనకి రాసిచ్చేసి ఎటో పోయారు. మాట్ ఉండిపోయాడు. ఓ మూల బడికిచ్చాడు, ఓ మూల హాలుకిచ్చాడు. దుకాణం వచ్చింది, రైలొచ్చింది. తూరబిల్ పుట్టింది అలా!

వచ్చేముందు ఇంకా చాలా చెప్పింది. నీటిగుంట వీళ్ళకి మొదట చూపించింది అందరికంటే ముందునుంచీ ఇక్కడున్న నల్లజాతి ఆడవాళ్ళిద్దరట. మొదటి ఏడు చేపలు తెచ్చిచ్చేవారట. రెండో ఏటికి లేరు. "ఏమయ్యారని మేం ఆరా తియ్యలేదు. తీస్తే చెప్పేవాళ్ళు ఉండేవాళ్ళే," అని పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత ఆమె పట్టా గొడవ. యాభై ఏళ్ళ కౌలు పట్టా ఈ నవంబరుతో తీరిపోతుంది, ల్యాండ్ బోర్డు వచ్చి మళ్ళీ రాసిస్తుంది, మొదటిరోజు నుంచీ ఇక్కడే కాపురమున్నామని ప్రమాణం చెయ్యాలి, అదీ ఇదీ. నా ధ్యాసంతా ఆ ఎద్దుల మీదే ఉంది.

"ఇవన్నీ నేను పోయాక రాసుకో అమ్మాయ్," అంది గేటు దగ్గర. నవ్వుతూనే అంది.

ఆగస్టు 27

పని మీద మనసు లేదు. ముగ్గురు తొత్తులూ వీరులట! దోచుకున్నవాడి కొడుకు ఆ ఫలకం మీద గుడ్డ తొలగిస్తాడట! మాట్ గెరటీ ఒక్క గొడ్డలి దెబ్బతో చేసింది ముప్ఫై ఏడు కరపత్రాల్లో ఎక్కడా లేదు. ఈ ఊళ్ళో జరిగిన ఒకే ఒక్క విప్లవం, దాన్ని చెదల కథ కింద పాతిపెట్టారు.

సెప్టెంబరు 2

మామ్మ పేరు చెప్పకుండా టక్వెల్ గారికి మొత్తం చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి భయమేసినప్పుడల్లా చేసే పని అది.

"నిజమే అయ్యుంటుంది," అన్నారు.

"మరి వేద్దాం."

"డల్సీ, ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఓ దుంగ ఉంటుంది. అన్నిటి కిందకీ దూరకూడదు."

"మీరు పిరికివాళ్ళు సార్."

"అవును," అన్నారు. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నారో! దాంతో నాకు ఇంకా మండింది.

సెప్టెంబరు 9

ఆలోచించాను. మామ్మ 'నేను పోయాక' అంది. కానీ నవ్వుతూ అంది. ముసలివాళ్ళు అలాంటివి అలవాటుగా అంటారు. నిజంగా వద్దనుకుంటే అసలు చెప్పేదే కాదుగా. చెప్పమని నేను బలవంతపెట్టలేదు.

సెప్టెంబరు 15

టక్వెల్ గారు శనివారం బౌల్స్ ఆడడానికి పోతారు. ఒక్కదాన్నే కూచుని నాలుగు పేజీల కరపత్రం కంపోజు చేశాను. 'తూరబిల్ నిజంగా ఎలా పుట్టింది'. మూడు వందల కాపీలు. పుస్తకం మడతల్లో ఒక్కొక్కటి పెట్టేస్తాను. మామ్మ పేరు ఎక్కడా రాయలేదు. 'ఆనాటి నుంచి ఉన్న ఒకరు' అని రాశాను.

ఆ నల్లజాతి ఆడవాళ్ళ సంగతి పెట్టాలా వద్దా అని చాలాసేపు కొట్టుకున్నాను. పెడితే వాదన పక్కదారి పడుతుంది. దొరకీ కష్టజీవికీ మధ్య పోరు, అది స్పష్టంగా ఉండాలి. పేర్చిన రెండు వాక్యాలూ విప్పి అక్షరాల్ని గళ్ళలో వేసేశాను.

మామ్మ వద్దనలేదు.

సెప్టెంబరు 23

పాలకి తమ్ముణ్ణి పంపాను. నాకు పనుంది.

సెప్టెంబరు 30

మళ్ళీ తమ్ముణ్ణే పంపాను. "మామ్మ నిన్ను అడిగింది. జబ్బా అంది," అన్నాడు.

అక్టోబరు 2

రేపే. బయటపడితే మామ్మ కూడా సంతోషిస్తుంది. యాభై ఏళ్ళు లోపల దాచుకున్నది. ఆమె కోరుకున్నదే ఇది.

అక్టోబరు 3

చేశాను!

రెండు రైళ్ళ నిండా జనం. బ్యాండు, రిబ్బన్లు, గుడిసె ముందు గొర్రెపిల్లల్లా వరసగా బడిపిల్లలు. ముందు వరసలో కుర్చీలో గెరటీ మామ్మ, నల్ల టోపీ, తెల్ల గ్లవ్సులు. ఫాల్కనర్ లేచి 'మన పితామహులు' అని మొదలుపెట్టాడు. అప్పటికి వెనక వరసల్లో పుస్తకాలు తెరుచుకున్నాయి. గుసగుస ముందుకొచ్చింది, గోధుమచేలో గాలిలా. ఒకడు బిగ్గరగా, "అయ్యా, ఆ పిల్లి పేరు కూడా ఫలకం మీద చెక్కించారా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

ఎవరో ఫాల్కనర్ చేతికి కాగితం ఇచ్చారు. అక్కడే నుంచుని నాలుగు పేజీలూ చదివాడు. ముఖం పాలిపోయింది. మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. తిన్నగా నా దగ్గరికొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను.

"బాగా రాశావమ్మాయ్. ఇంకో రెండు కాపీలుంటే ఇస్తావా?" అన్నాడు.

ఇచ్చాను. ఓడిపోయినవాడు కూడా అడిగి మరీ చదువుతున్నాడు!

మామ్మతో మాట్లాడదామని చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

అక్టోబరు 4

నిజం రాయాలి. అతని ముఖం పాలిపోలేదు.

అక్టోబరు 7

టక్వెల్ గారు పన్లోంచి తియ్యలేదు, తిట్టలేదు. "ఒక్కసారి అడగాల్సింది," అని మాత్రం అన్నారు. అడిగితే వద్దనేవారు, అందుకే అడగలేదు అన్నాను. "నన్ను కాదులే," అన్నారు.

అక్టోబరు 29

నా పేర సమను వచ్చింది. నవంబరు 13, పట్టా విచారణ, హొనోరా గెరటీ దరఖాస్తు. సాక్షిగా రావాలి. పిలిపించింది ఫాల్కనర్ వకీలు.

నాన్న కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన అరుస్తాడనుకున్నాను.

"ఆ ముసలామె మొదటిరోజు నుంచీ అక్కడే కాపురమున్నానని ప్రమాణం చెయ్యాలి. నువ్వేం అచ్చేశావు? రెండేళ్ళు అక్కడ ఇల్లే నిలకడగా లేదని," అన్నాడు నెమ్మదిగా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు. "మొదటి ప్రమాణం అబద్ధమైతే రెండో పట్టా రాదు డల్స్. నీటిగుంట వేలానికొస్తుంది. పాడేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే."

"అబద్ధం చేయించింది వాళ్ళ నాన్నేగా!"

"ఆ ముక్క నాకెందుకు చెబుతావు."

ఆగస్టు 26న రాసుకున్నది వెనక్కి తిప్పి చూశాను. అంతా అక్కడే ఉంది, నా చేతిరాతలోనే. 'అదీ ఇదీ' అని రాశాను.

అక్టోబరు 30

మామ్మ గేటు దాకా వెళ్ళాను. ఆవు పిలుస్తోంది లోపల. తిరిగొచ్చేశాను.

నవంబరు 12

రేపు ఏం చెప్పాలో తేలిపోయింది. నేనే కల్పించానంటాను. ముప్ఫై ఏడు కరపత్రాల్లో ఎక్కడా నిజం కోసం అబద్ధమాడమని లేదు. లేకపోతే పోనీ.

నవంబరు 13

కోర్టు గదిలో ఊరంతా ఉంది. బోర్డువాళ్ళు ముగ్గురు. మామ్మ అదే నల్ల టోపీ పెట్టుకొచ్చింది. నా వైపు చూసి తలూపింది, రోజూ పాల దగ్గర ఊపినట్టే.

ముందు నన్ను పిలిచారు. బైబిలు మీద చెయ్యి పెట్టాను. వకీలు నా కాగితం ఎత్తి పట్టుకున్నాడు. నా అక్షరాలు ఎంత చక్కగా పడ్డాయో దూరం నుంచి కూడా తెలుస్తోంది.

"ఇది నువ్వే రాశావా?"

"రాశాను."

"ఎవరు చెప్పగా?"

"ఎవరూ చెప్పలేదు. కల్పించాను."

గదిలో కదలిక. ఫాల్కనర్ కాలు మీద కాలు మార్చుకున్నాడు.

"ఎద్దులూ, గొలుసూ, పిల్లీ, అన్నీ కల్పించావా?"

"అన్నీ. ఫాల్కనర్ గారంటే నాకు గిట్టదు. ఆయన తండ్రి మీద బురద చల్లాలని రాశాను."

బోర్డు అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. ఒక పెద్దమనిషి కుటుంబానికి పరువు నష్టం కలిగించడమంటే ఏమిటో తెలుసా అన్నాడు. జైలు సంగతి కూడా ఏదో చెప్పాడు. వినపడలేదు. మామ్మకి పట్టా వస్తుంది, అదొక్కటే వినపడుతోంది నాకు. నాకు జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు. అదీ రాసుకోవాలి.

అప్పుడు మామ్మ లేచింది. ఇంకా ఎవరూ పిలవలేదు.

"పిల్ల అబద్ధం చెబుతోంది బాబూ."

"మీ వంతు వచ్చినప్పుడు..."

"నాకు ఎనభై రెండు. వంతు వచ్చేదాకా ఉంటానో లేదో. నేను చెప్పిందే రాసింది. ఒక్క అక్షరం మార్చలేదు."

"మామ్మా, కూచో!" అన్నాను. కేకేశాను.

"నువ్వు కూచోవే. ఆ కొయ్యపెట్టె లాంటి గుడిసెలో కూచుని నేను ఇన్‌స్పెక్టరుకి రెండేళ్ళు అబద్ధమాడాను, తర్వాత నలభై ఎనిమిదేళ్ళు ఊరికాడాను. ఇప్పుడు నా గడ్డి నేల కోసం పరాయిపిల్ల బైబిలు మీద చెయ్యేసి ఆడాలా? ఈ పిల్ల జైలుకెళితే నేను ఆవుల్ని చూసుకుంటూ కూచోవాలా?" అని ఫాల్కనర్ వైపు తిరిగింది. "మీ నాన్న కొరడా గుర్తు ఇప్పటికీ గుమ్మం మీదుంది నాయనా. వెళ్ళి చూసుకో. ఫలకానికి జానెడు కింద."

ఎవరూ నవ్వలేదు.

వెనక నుంచి మా నాన్న గొంతు: "గుడిసె ఈడ్చింది ఫాల్కనర్ ఎద్దులు కదా! ఆ మూడు పొలాల మాటేమిటి?"

అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ, అవి ఎప్పుడో శాశ్వత హక్కు కింద మారిపోయాయి, ఆ పెద్దమనిషి పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన పేరు మీద ఇవాళ బోర్డు ముందు ఏ దరఖాస్తూ లేదు అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చట్టం చదివి వినిపించాడు. కష్టజీవికి భూమి ఇవ్వడానికి చేసిన చట్టం అది.

నవంబరు 14

పిండి డబ్బా వెనక కరపత్రాలు పొయ్యిలో వేద్దామని తీశాను. వెయ్యలేదు. వాటి తప్పేముంది?

నవంబరు 30

పట్టా నిరాకరించారు. ముప్ఫై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. నా మీద ఏ కేసూ లేదు.

డిసెంబరు 5

మామ్మ సామాను వేలం నోటీసు కంపోజు చేశాను. ఏడు ఆవులు, వెన్న తీసే మిషను, ఇనప మంచం, కుర్రాళ్ళవి రెండు గుర్రపు జీనులు. టక్వెల్ గారు తను చేస్తానన్నారు. వద్దన్నాను. ప్రూఫులో ఒక్క తప్పూ రాలేదు.

డిసెంబరు 12

గుంట వేలంలో ఫాల్కనర్‌కే పోయింది. ఎస్టేటు మనుషులు దాని చుట్టూ కంచె గుంజలు పాతుతున్నారు. ఊరివాళ్ళు బకెట్లతో వెళ్ళి, చూసి, తిరిగొచ్చారు. నన్నెవరూ ఏమీ అనడం లేదు. దుకాణంలో నాకు ముందే చోటిస్తున్నారు, తొందరగా పోవాలని.

డిసెంబరు 15

మామ్మ ఇవాళ వెళ్ళిపోయింది. నగరంలో క్రైస్తవ సన్యాసినులు నడిపే వృద్ధాశ్రమానికి. స్టేషనుకి వెళ్ళాను. ఎవరూ రాలేదేమిటనుకున్నాను, తర్వాత అర్థమైంది, వాళ్ళు సిగ్గుతో రాలేదు. సంచి నేనే అందుకున్నాను. ఆమె ఇచ్చేసింది.

"మామ్మా," అన్నాను.

"ఊ."

"ఆరోజు నువ్వు నవ్వావు. అందుకని నేను..."

"పళ్ళులేనిదాన్ని, నవ్వితేనే మొహం కాస్త బావుంటుందని నవ్వుతుంటానే."

రైలు వచ్చింది. సంచి లోపల పెట్టి దిగాను. ఆమె కిటికీ దగ్గర కూచుంది. అడక్కూడదనుకుంటూనే అడిగేశాను.

"నేనొచ్చి, అచ్చేస్తాను మామ్మా అని అడిగుంటే, వద్దనేదానివా?"

నిజంగానే ఆలోచించింది, నా కోసం కాదు.

"వద్దనేదాన్ని కాదేమో. ఆ మాట మాట్ ఉండగానే పైకి రావాలని నాకూ ఉండేది. చిన్న ఫాల్కనర్ మొహం చూడాలనీ ఉండేది." గ్లవ్సు సర్దుకుంది. "పట్టా చేతికి రానీ, ఒక్క ఆరువారాలు ఆగవే అమ్మాయ్ అనేదాన్ని. అంతే."

ఇంజనుకి ఏదో చిక్కొచ్చిందని గార్డు ముందుకి వెళ్ళాడు. రైలు పది నిమిషాలు కదల్లేదు. ఆమె కిటికీలో, నేను కింద, ఇద్దరం ఇంజను వైపే చూస్తూ ఉండిపోయాం.